వెబ్‌సైటుకు గార్డుగారు పెట్టిన పరీక్ష

ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఎలా వచ్చిందో ముందుగా చెప్పడం ధర్మం. రాయపూర్‌లోని మా తెలుగు సంఘం వెబ్‌సైటు పాతబడింది. దాన్ని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాలని ఈ ఏటి కార్యవర్గం తీర్మానించి, మూడింటిని పరిశీలనకు ఎంచుకుంది. మూడింటిలోనూ నమూనా పుటలు సిద్ధమయ్యాయి. వాటిని నింపడానికి ఏదైనా పాఠం కావాలన్నారు. ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ అతికిస్తే సరిపోతుందని ఒక సభ్యుడు సలహా ఇచ్చాడు. ఆ మాట వినగానే నేను తలుపు వైపు చూశాను. తలుపు పక్కన ఉన్న చివరి కుర్చీలో ఎవరో ఫోనుకు ఛార్జింగ్ పెట్టుకొని కూర్చున్నారు. అభ్యంతరం చెప్పవలసిన మనిషి అక్కడ లేరు. అందుచేత పాఠం నేనే రాసి ఇస్తానన్నాను. అది ఇదే.

ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చునే మనిషిని మేమందరం గార్డుగారు అనేవాళ్లం. ఆయన పేరు ఇక్కడ రాయను. సంఘంలో ఆయనను పేరుతో పిలిచినవారు ఎవరూ లేరు కనుక, రాసినా చదివేవారికి వేరెవరో అనిపిస్తుంది. ఉద్యోగమంతా గూడ్సుబండ్ల గార్డుగా చేశారు. ఇంజను ముఖం డ్రైవరుకు తెలిసినట్టు, బండి వీపు తనకు తెలుసుననేవారు. ఆ అలవాటు విశ్రాంత జీవితంలో కూడా పోలేదు. ముందు వరుసలో ఆయన కూర్చోగా నేను చూడలేదు. వినాయకుణ్ని సాగనంపే ఊరేగింపులో అందరికన్నా వెనక నడిచేవారు. సభ ముగిసి జనం లేస్తుంటే, తలుపు చట్రాన్ని ఒక చేత్తో పట్టుకొని నిలబడి, అందరూ బయటికి వెళ్లేదాకా కదిలేవారు కాదు. బండి చివర గార్డు ఎక్కే, ఊగే బ్రేక్‌వ్యాన్‌లో నిలబడీ నిలబడీ కాళ్లు కాస్త ఎడంగా పెట్టి నడిచేవారు. చొక్కా ఇస్త్రీ మాత్రం ఏనాడూ నలిగేది కాదు. ఆయనకు కించిత్తు గర్వం కూడా ఉండేది. రైల్వే రూల్సు ఇంగ్లీషులో వల్లించి, అర్థం కాలేదని ఎవరైనా అంటే, "అది మీ లోపమండి, రూలు లోపం కాదు" అనేవారు. ఈ ఒక్క విషయంలో మా ఇద్దరికీ పూర్తి ఏకాభిప్రాయం.

మేము మొదటిసారి వెబ్‌సైటు పెట్టుకోదలచినప్పుడు నేను సంఘానికి కార్యదర్శిని. అప్పటికి అందరి చేతుల్లోకీ చౌక ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. సంఘాలవంటివాటి వెబ్‌సైట్ల వెనక ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు. అది సరైనదైతే, ప్రోగ్రామింగ్ తెలియని సభ్యులు కూడా వార్తలూ ఫొటోలూ తామే ఎక్కించుకోవచ్చు. సరైనది కాకపోతే, ఉగాది ఆహ్వానం మార్చడానికి కూడా ఎవరినో బతిమాలుకోవాలి. మూడు సాఫ్ట్‌వేర్లను పోల్చడానికి నేను ఒక పట్టిక తయారుచేశాను. భద్రత, తెలుగు లిపి, ఫొటోల అమరిక, రేపు దాన్ని చూసుకునేవారెవరు అనే శీర్షికలు పెట్టి, ఒక్కొక్కదానికి మార్కులు నిర్ణయించాను. ఆ పట్టిక మంచిదేనని ఇప్పటికీ నా అభిప్రాయం.

శంకర్ నగర్‌లో ఒక సభ్యుడి ఆఫీసు గదిలో ప్రదర్శన ఏర్పాటైంది. పండరీ బజారులో బట్టల దుకాణాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టే ఒక యువకుడు వచ్చి, గోడమీద మొదటి నమూనా చూపించాడు. చాలా అందంగా ఉంది. బొమ్మలు ఒకదాని మీద ఒకటి జారుతున్నాయి. శీర్షికలు ఎగిరి వచ్చి కూర్చుంటున్నాయి. మా అధ్యక్షుడుగారు చప్పట్లు కొట్టారు. వెనకనుంచి గార్డుగారి గొంతు వినిపించింది.

"భయ్యా, నీచే జో లిఖా హై, ఏ కౌన్ సీ భాషా హై?"

బొమ్మల కింద ఉన్నది ఏ భాష అని ఆయన ప్రశ్న. అది ఏ భాషా కాదు. స్థలం నింపడానికి వేసే అర్థంలేని అక్షరాలు.

"అంకుల్‌జీ, ఏ తో డమ్మీ హై. ఆప్‌కా మేటర్ బాద్ మే ఆయేగా," అన్నాడు అతను. మీ విషయం తరవాత వస్తుందని అతని భావం.

"జో బాద్ మే ఆయేగా, వహీ దిఖాఓ నా!" అని, తరవాత వచ్చేదే ఇప్పుడు చూపించమని, గార్డుగారు నా వైపు తిరిగారు. "ఏటండీ సెక్రటరీగారూ ఇది? ఖాళీ వ్యాగన్లు నడిపించి, బండి బాగా లాగుతోంది అంటే ఎలాగండి? సరుకెక్కించి చూడండి. అప్పుడు కదా తెలిసీది."

"గార్డుగారికి ప్రతిదీ బండే," అన్నారు అధ్యక్షుడుగారు నవ్వుతూ.

"బండి కాదా మరి? ఈ చివరనుంచి ఆ చివరకి ఏదో చేరాలి. చేరిందో లేదో చూసుకోవాలి. స్టేషన్ మాస్టరు ఇంజనుని చూసి బండొచ్చిందని రాసుకోడండి. ఆఖరి పెట్టె వెనకున్న బోర్డు కళ్లారా చూస్తేనే బండి పూర్తిగా వచ్చినట్టు. మధ్యలో ఎక్కడో తెగిపోయి, సగం బండి వెనకే ఉండిపోతే?"

"అయితే మన సంఘంలో ఆఖరి పెట్టె ఏది?" అని నేనే అడిగాను. ఎగతాళిగా అడగలేదు, పట్టికలో చేర్చడానికి అడిగాను.

"మందిర్ హసౌద్‌లో ఉందండి. మా అప్ప," అన్నారు.

ఉత్తరాంధ్ర ఇళ్లలో అక్కను అప్ప అంటారు. గార్డుగారి అప్ప తన కొడుకు దగ్గర, రాయపూర్ శివార్లలోని మందిర్ హసౌద్‌లో ఉండేవారు. కొడుక్కి అక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం. చుట్టుపక్కల తెలుగు ఇల్లు లేదు. ఆవిడకు తెలుగు తప్ప మరో లిపి రాదు. కొడుకు వాడి వదిలేసిన ఫోను ఆవిడ దగ్గర ఉంది. ఆ ఫోనులో, అక్కడి నెట్‌తో, ఎవరి సాయమూ లేకుండా ఆవిడ మన సైటు తెరిచి, చదివి, తిరిగి ఒక ముక్క రాయగలగాలి. మిగతా మార్కులు మీ ఇష్టం, ఇది కుదరకపోతే మాత్రం తను చేయి ఎత్తనన్నారు గార్డుగారు.

మూడు నమూనాలలోనూ ఎక్కించడానికి నేను మా సంఘం పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా రాసి ఇచ్చాను. ఒక ఆదివారం ఉదయం ఇద్దరమూ బస్సులో మందిర్ హసౌద్ వెళ్లాము.

చలికాలం. ఆవిడ వాకిట్లో ఎండకు కూర్చొని బఠానీ కాయలు ఒలుస్తున్నారు.

"రండి బాబూ, రండి. తమరేనా సెక్రటరీ? కోపిష్ఠివారంట కదా?"

"అప్పా!" అన్నారు గార్డుగారు.

"నువ్వు సెప్పిందే కదరా. నానేటి కల్పించినానా? ఒలే అమ్మడూ, నీళ్లట్రా!"

లోపలినుంచి మనవరాలు, "లాతీ హూఁ దాదీ!" అంది, తెస్తున్నా నాన్నమ్మా అని. అమ్మమ్మ నాన్నమ్మలు తెలుగులో అడగడం, పిల్లలు హిందీలో జవాబు చెప్పడం మా ప్రాంతంలో కొత్త కాదు.

మొదటి నమూనా తెరిచారు. అందమైనది అదే. తెరమీద ఒక చక్రం తిరగడం మొదలుపెట్టింది.

"ఏట్రా ఇది, గానుగలాగ తిరుగుతోంది?"

నేను సాయం చేయబోయాను. గార్డుగారు తన రెండు చేతులూ వీపు వెనక కట్టుకొని ఉన్నారు. నన్ను కూడా వారించారు. "చెయ్యెయ్యకండి. బండి రాకపోతే ప్లాట్‌ఫారం మీదున్నోళ్లు వెళ్లి తోస్తారేటి?" ఒళ్లోని బఠానీలన్నీ ఒలవడం పూర్తయింది. చక్రం ఆగలేదు.

రెండోది తెరుచుకుంది. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పెద్దవి చేస్తే వాక్యం తెరను దాటి పక్కకు పోతోంది. ప్రతి వరుసకూ వేలితో అటూ ఇటూ లాగవలసి వచ్చింది. "ఈ మాట సగం పక్కింట్లో ఉందేటి బాబూ?" అన్నారావిడ. అయినా ఓపికగా చదివి, కింద ఏదో రాయబోయారు. అది వంకర టింకర ఇంగ్లీషు అక్షరాలు చూపించి, వాటిని మళ్లీ కొట్టమంది. మనవరాలు వచ్చి చూసి, రాసేది మనిషో కాదో రుజువు చేయమంటోందని హిందీలో వివరించింది.

"ఈ వయసులో నాకీ పరీచ్చ కూడానా?" అని ఆవిడ ఫోను పక్కన పెట్టేశారు.

మూడోది తెల్లకాగితంలా ఉంది. రంగులు లేవు, జారుడు బొమ్మలు లేవు. వెంటనే తెరుచుకుంది. ఆవిడ కళ్లజోడు సరిచేసుకొని, పురాణం చదివినట్టు గొంతెత్తి చదవసాగారు. నా వాక్యాలను మరొకరు బిగ్గరగా చదవగా నేను వినడం అదే మొదలు. బాగానే ఉన్నాయనిపించింది. మొదటి సమావేశం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలులో జరిగిందన్న వాక్యం దగ్గర ఆవిడ ఆగారు.

"హాల్లో ఏటి? కాదు."

"హాలులోనేనమ్మా. మినిట్సులో ఉంది," అన్నాను.

"ఆ రాసినాయన ఆ దినం రానేలేదు. వానొచ్చీసి, పులిహోర గిన్నెలు నెత్తిమీదెట్టుకొని ఆడోళ్లమంతా గూడ్సు షెడ్డు కిందకి పరిగెట్టినాం. అక్కడే అయిపోనాది మీటింగు."

"హాలు తాళం తీసినట్టు కూడా నమోదై ఉందమ్మా."

"తాళం తీసుంటారు బాబూ. మనుషులు ఎక్కడున్నారు?"

మేము వాదించుకుంటుండగా గార్డుగారు ఫోనువైపు వేలు చూపించారు. ఆవిడ తీసుకొని, ఒక్క వేలితో, ఒక్కొక్క అక్షరం వెతికి వెతికి నా వ్యాసం కింద ఇలా రాశారు: హాలు కాదు. షెడ్డు. వాన.

అది తెరమీద కనబడింది. గార్డుగారు జేబులోంచి తన ఫోను తీసి అందులోనూ చూసుకున్నారు. ఆ తరవాత కుడి అరచేతిని భుజం ఎత్తుకు లేపి, దూరంగా ఉన్న డ్రైవరుకు చూపినట్టు ఎవరికో చూపుతూ, "ఆల్ రైట్," అన్నారు. ఆ సమయంలో ఆయన ముఖం ఎలా ఉందో నేను వర్ణించలేను. ప్రయత్నించి రెండు వాక్యాలు కొట్టివేశాను.

ఆవిడ మాత్రం సంతృప్తి పడలేదు. "అన్నీ అచ్చరాలేనా? మొహాలేవిరా?"

ఫొటోలు బరువనీ, సైటులో ఒక్కటి కూడా ఉండరాదనీ గార్డుగారి పట్టుదల. దారి పొడుగునా నాకు అదే బోధించారు. "ఫొటోలెట్టకూడదప్పా. నీ ఫోను లాగలేదు."

"మొహం లేకపోతే ఎవరి కబురో ఎలాగ తెలుస్తాదిరా? మీ బావ పెళ్లికి ముందు ఫొటో పంపకపోయుంటే నాను ఒప్పుకుందునా? ఒక్కో దానికి ఒక్కో మొహం ఎట్టండి బాబూ. వీడి మాట వినకండి."

ఆయన తన పరీక్షలోనే తను ఓడిపోయారు. నాకు నవ్వు వచ్చిందని రాయడంలో తప్పులేదు.

తిరుగు బస్సులో లారీల దుమ్మువల్ల కిటికీలు మూసి ఉన్నాయి. ఆయన అలవాటు ప్రకారం చివరి సీటులోనే కూర్చున్నాం. అప్ప కోసం ఇంత పట్టుదల దేనికని అడిగాను. పుస్తకాలు కావాలంటే మనమే పంపవచ్చుననీ, ఫోను చేసి మాట్లాడవచ్చుననీ కూడా అన్నాను. దానికి ఇలా జవాబు చెప్పారు.

"పుస్తకాలు పంపించినానండి. చదివేసి పక్కనెట్టీసింది. పుస్తకం తిరిగి మాట్లాడదు కదా. ఆ ఇంట్లో అందరూ మంచోళ్లే. వేళకి అన్నం, మందు, అన్నీ చూస్తారు. కానీ మా అప్పతో తెలుగులో తగువాడేవోళ్లు లేరండి. అప్ప ఏటన్నా కోడలు 'సరే అత్తా' అంటాది. పిల్లలు దాదీ దాదీ అని ఎలిపోతారు. నానెళ్తే బెంగెట్టుకుంటానని నాతో ఏమీ అనదు. మనిషికి తన భాషలో కాదు అనడానికి ఎవరో ఒకరు ఉండాలండి. నాకు తెలుసు. వేరే బండికి దారివ్వడానికి లూపులైన్లో బండి ఆపీసి, పూటలకి పూటలు బ్రేక్‌వ్యాన్‌లో ఒక్కణ్నీ కూచున్నోణ్ని. నాతో నానే తగువాడుకునీవోణ్ని. అది మంచిది కాదు."

రాయపూర్ చేరాక, బస్సులోవాళ్లందరూ దిగేదాకా ఆగి ఆయన దిగారు.

కార్యవర్గ సమావేశంలో అధ్యక్షుడుగారు అందమైన నమూనా వైపే మొగ్గారు. "సైటు తెరవగానే భిలాయ్ సంఘంవాళ్లు కుళ్లుకోవాలయ్యా," అన్నారు. గార్డుగారు తలుపు చట్రం పట్టుకొని లేచి, "కుళ్లుకోవడానికైనా అది తెరుచుకోవాలి కదండీ," అని కూర్చున్నారు. నేను మందిర్ హసౌద్‌లో చూసింది చూసినట్టు నివేదించాను. మూడోదే నెగ్గింది. ఒక్కొక్క వార్తకు ఒక్కొక్క ఫొటో అనే నియమం కూడా చేర్చాము. ఆ ఫొటో బరువు ఎంతో గార్డుగారు ప్రతిసారీ అడిగి, ఎంత చెప్పినా "ఓవర్‌లోడు" అని సణిగేవారు.

ఆ తరవాత ఒక క్రమం ఏర్పడింది. నేను సాయంత్రం వార్త ఎక్కించి ఆయనకు చెప్పేవాణ్ని. ఆయన అప్పకు ఫోను చేసి, "అప్పా, కనబడిందా?" అని అడిగేవారు. ఆ వెంటనే నాకు ఫోను చేసి ఒకే మాట అనేవారు: "వచ్చీసిందండి." ఆ మాట వినేదాకా నేను కంప్యూటరు ఆపేవాణ్ని కాదు. మొదట్లో ఇది అనవసరమైన ఆలస్యమనిపించేది. పోనుపోను, ఏ కారణంచేతనైనా ఫోను ఆలస్యమైతే, రాసిన వార్తలో ఏదో లోపముందని మళ్లీ మొదటినుంచి చదువుకునేవాణ్ని.

అప్ప ఏ వార్తనూ ఊరికే పోనిచ్చేవారు కాదు. ఉగాది కార్యక్రమం సకాలంలో ప్రారంభమైనదని నేను రాస్తే, "సకాలంలోనే మొదలెట్టినారు, జనం రాకముందు" అని కింద రాశారు. పిల్లల పద్యపఠనం శ్రోతలను అలరించినదంటే, "ఏ పద్యమో రాయలేదు, తమరు వినలేదా" అన్నారు. నేను సమాధానాలు రాసేవాణ్ని. కార్యదర్శి హోదాలో, కారణాలతో, మర్యాదగా రాసేవాణ్ని. ఆవిడ దానికీ సమాధానం రాసేవారు. హాలా షెడ్డా అన్నది మాత్రం నేటికీ తేలలేదు. సంఘ చరిత్ర పుటలో రెండు కథనాలనూ పక్కపక్కన ఉంచాను. ఇలా తగవు జరిగిన మరునాడు పొద్దున్నే గార్డుగారు మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవారు. "నిన్న అప్ప మిమ్మల్ని వాయించీసిందండి!" అని, టీ సాసరులో పోసుకొని, ఆ తగవంతా తనే గొంతు మార్చి మార్చి అప్పగానూ నాగానూ వినిపించేవారు. నా గొంతు ఆయన నోట అంత కఠినంగా ఎందుకు పలికేదో నాకు తెలియదు. మా ఇంట్లోవాళ్లు అచ్చం నాలాగే ఉందనేవారు.

కిందటి వానాకాలంలో ఆయన పోయారు. నాలుగు రోజుల జ్వరం. ఆసుపత్రిలో నేను చూసినప్పుడు, సైటులో కొత్తగా ఏమి వేశారని అడిగారు. ఏమీ వేయలేదన్నాను. "ఏదో ఒకటి వెయ్యండి. అప్ప ఎదురు చూస్తాది," అన్నారు. ఆయనతో నేను మాట్లాడిన చివరి సంగతి అదే.

సంతాప వార్త నేనే రాసి, ఫొటోతో ఎక్కించాను. కంప్యూటరు ఆపకుండా కూర్చున్నాను. ఫోను రాదని తెలియనివాణ్ని కాదు. అలవాటువల్ల కూర్చున్నాను. ఆ వార్త కింద చాలామంది నమస్కారాలు పెట్టారు. అప్ప ఏమీ రాయలేదు. ఆ తరవాత వేసిన ఏ వార్త కిందా రాయలేదు. ఫోను చేస్తే కోడలు తీసి, "అత్త ఫోను ముట్టుకోవట్లేదు అంకుల్. చార్జింగ్ నేనే పెడుతున్నా, ఐసే హీ పడా రహతా హై," అంది, ఫోను అలాగే పడి ఉంటోందని. ఒకసారి స్వయంగా వెళ్లాను. ఆవిడ నన్ను మర్యాదగా కూర్చోబెట్టి, కుశలమడిగి, నేను అన్నదానికల్లా "అవును బాబూ" అన్నారు. ఆ అంగీకారం విని నాకు భయం వేసింది.

ఇప్పుడు ఈ వ్యాసం మూడు కొత్త నమూనాలలోనూ ఎక్కింది. మూడింటి చిరునామాలూ ఆవిడ ఫోనుకు పంపాను. ఏ నమూనా తీసుకోవాలో కార్యవర్గం నిర్ణయించేముందు ఆవిడ చూడాలని సమావేశంలో పట్టుబట్టాను. ఆ పట్టుదల కొత్త సభ్యులకు విచిత్రంగా తోచిందని గ్రహించాను. కారణం వివరంగా చెప్పడానికే ఇంత రాయవలసి వచ్చింది.

చదివినవారికి ఒక మనవి. నాకు వయసు మీరింది. గార్డుగారిని నేను విశ్రాంత జీవితంలోనే ఎరుగుదును. అంతకు ముందటివి ఆయన చెప్పగా విన్నవి. మాటల్లో, ముందువెనకల్లో పొరపాట్లు దొర్లి ఉంటాయి. ఎవరికైనా కనబడితే కింద రాయండి. ఏదీ తొలగించను.

అమ్మా, ప్రత్యేకించి మిమ్మల్ని అడుగుతున్నాను. ఆయనను పుట్టినప్పటినుంచీ ఎరిగినవారు మీరొక్కరే. గర్విష్ఠి అని రాశాను, కాదనిపిస్తే కాదనండి. ఫొటోల విషయంలో మీరే గెలిచారని రాశాను, అలా జరగలేదంటే ఎలా జరిగిందో చెప్పండి. సమావేశం హాలులోనే జరిగిందని నేను ఇప్పటికీ అంటున్నాను.